తొలిచూలు పెయ్య కష్టంగా ఈని లేవకపోతే

సంకరజాతి ఆవులున్న ఊళ్లలో ఇది తరచూ జరిగేదే. తొలిచూలు పెయ్య గంటల తరబడి నొప్పులు పడుతుంది. చివరికి ఇద్దరు ముగ్గురు పట్టి లాగితే దూడ బయటపడుతుంది. దూడ బతికిందన్న సంబరంలో కాసేపు తల్లిని ఎవరూ పట్టించుకోరు. అదేమో ముందుకాళ్లు ఊని లేవబోతుంది, వెనకభాగం రాక మళ్లీ కూలబడుతుంది. "క్యాల్షియం తగ్గుంటుంది, ఒక సీసా ఎక్కించండి" అనే సలహా అప్పుడే వస్తుంది. చిత్తూరు, మదనపల్లె వైపైనా, రంగారెడ్డి, నల్గొండ వైపైనా ఈ సలహాలో పెద్ద తేడా ఉండదు.

సలహా ఇచ్చేవారిని తప్పుపట్టలేం. ఈనిన ఒకటి రెండు రోజుల్లో ఆవు కూలబడితే పాలజ్వరం, అంటే రక్తంలో క్యాల్షియం పడిపోవడం, అనుకోవడం అలవాటు. మూడో ఈత, ఆపై ఈతల్లో ఉన్న పాడి ఆవు విషయంలో అది చాలాసార్లు నిజం కూడా. తొలిచూలు పెయ్య సంగతి వేరు. దాని ఎముకల్లోంచి క్యాల్షియం త్వరగా రక్తంలోకి వస్తుంది, పాలూ అంత ఎక్కువగా దిగవు. అందుకే దానికి పాలజ్వరం అరుదు. చూపులో కూడా తేడా తెలుస్తుంది. పాలజ్వరం వచ్చిన ఆవు మత్తుగా ఉంటుంది, చెవులు చల్లబడతాయి, మెడ వంచి తలను డొక్క మీద పెట్టుకుంటుంది. కష్టంగా ఈనిన పెయ్య చాలావరకు చురుగ్గానే చూస్తుంది, గడ్డి పెడితే అందుకుంటుంది, దూడ అరిస్తే తల తిప్పుతుంది. వెనకకాళ్లే మాట వినవు. ఇది గమనించకుండా క్యాల్షియాన్ని నరంలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. అవసరమో కాదో డాక్టరు తేల్చి, గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా ఎక్కించాల్సిన మందు అది.

వెనకకాళ్లు పట్టు తప్పడానికి కారణం కటి ఎముకల దగ్గర ఉంది. పెద్ద దూడ ఇరుకు దారిలో చాలాసేపు చిక్కుకుంటే, ఆ ఎముకల లోపలి అంచు వెంట తొడలకు వెళ్లే నరాలు నలుగుతాయి. లోపలి తొడ కండరాలను ఆడించే నరం దెబ్బతింటే కాళ్లను దగ్గరికి లాక్కోవడం పెయ్యకు చేతకాదు. లేవబోతే రెండు కాళ్లూ చెరోపక్కకు జారిపోతాయి. తుంటి మీదుగా కిందికి దిగే పెద్ద నరం నలిగితే గిట్ట వెనక్కి మడతపడి, పైకీలు నేలకు ఆనుతుంది. నలిగిన నరం తెగిన నరం లాంటిది కాదు, చాలావరకు కోలుకుంటుంది. కొన్నిటికి రెండు మూడు రోజులు చాలు, కొన్నిటికి రెండు వారాలు పడుతుంది. ఈలోపు తగిలే రెండో దెబ్బతోనే పశువు చేయి దాటిపోతుంది. ఆ దెబ్బ కొట్టేది నేల.

మూడొందల కిలోల పశువు గట్టి నేల మీద ఒకే పక్కకు పడుకుంటే, కింద ఉన్న తొడ కండరాలకు రక్తం సరిగా అందదు. 6 నుంచి 12 గంటల్లోనే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. అది వాస్తుంది, ఆ వాపు అప్పటికే నలిగి ఉన్న నరాన్ని ఇంకా నొక్కుతుంది. సాయంత్రం ఈనిన పెయ్యను "అలిసిపోయింది, పడుకోనివ్వండి, పొద్దున చూద్దాం" అని సిమెంటు గచ్చు మీద వదిలేస్తే, తెల్లారేసరికి నరం దెబ్బకు కండరం దెబ్బ తోడవుతుంది. ఆ తర్వాత ఎన్ని సీసాలు ఎక్కించినా చచ్చిన కండరం తిరిగిరాదు. దూడను లాగిన అరగంటలో పోయే పెయ్యల కంటే, ఆ రాత్రి పడుకున్న చోటు వల్ల పోయేవే ఎక్కువేమో అనిపిస్తుంది.

అందువల్ల డాక్టరుకు కబురు పెట్టాక, ఆయన వచ్చేలోపు చేయాల్సిన మొదటి పని పడక మార్చడం. జానెడు మందాన ఇసుక పోసి దాని మీద వరిగడ్డి పరిస్తే అంతకు మించిన పడక లేదు. ఇసుక దొరక్కపోతే మట్టినేల మీద మందంగా గడ్డి వేసినా నయమే. రబ్బరు మ్యాటు ఒక్కటే చాలదు, తడిస్తే దాని మీద గిట్ట నిలవదు. పెయ్యను అక్కడికి చేర్చేటప్పుడు కాళ్లు పట్టుకునో, మెడకు పలుపు వేసో ఈడ్చకూడదు. పాత తలుపో, మందపాటి టార్పాలినో పక్కన పరిచి, పెయ్యను దాని మీదకు దొర్లించి, నలుగురూ కలిసి తలుపును లాగాలి. చేరాక రొమ్ము నేలకు ఆనేలా కూర్చోబెట్టి, పక్కకు ఒరిగిపోకుండా ఇసుక నింపిన గోనె సంచులు ఆనించాలి. పూర్తిగా పక్కకు పడి ఉంటే పొట్టలో గాలి బయటికి పోయే దారి లేక ఉబ్బుతుంది. పొట్టలోది నోట్లోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది.

తర్వాత మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. ఇది చెప్పినంత తేలిక కాదు. ఒకరు తల పట్టుకుని మెడను అవతలి వైపు తిప్పాలి, ఇద్దరు తుంటి దగ్గర నెట్టాలి, కింద చిక్కుకున్న వెనకకాలిని ఇంకొకరు బయటికి లాగాలి. ఇంతసేపు కింద ఉన్న తొడ పైకి రావాలి, లెక్క అదే. తల ఒక్కటి ఇటు పెట్టి పక్క మార్చామనుకుంటే లాభం లేదు. మార్చినప్పుడల్లా నలిగిన తొడను కాసేపు చేత్తో రుద్దితే మంచిది. తడిసిన గడ్డిని ఎప్పటికప్పుడు తీసేయాలి, లేకపోతే చర్మం చెడి పుండ్లు పడతాయి.

కాళ్లు చెరోపక్కకు జారే పెయ్యకు వెనకకాళ్లు రెండింటికీ గిట్టల పైన మెత్తటి గుడ్డ చుట్టి, మధ్య అడుగున్నర నుంచి రెండడుగుల ఎడం ఉండేలా కట్టాలి. కట్టకపోతే లేవబోయి జారినప్పుడు తొడ కండరం చిరుగుతుంది, తుంటి కీలు తప్పినా తప్పుతుంది. గోనె పట్టాలు పొట్ట కింద వేసి వెదురు బొంగులతో ఎత్తి నిలబెట్టే పద్ధతి ఊళ్లలో ఉంది. రోజుకు రెండు మూడుసార్లు కాసేపు అలా నిలబెట్టినప్పుడు పెయ్య తన కాళ్ల మీద కొంతైనా బరువు మోస్తుంటే అది మంచి సూచనే. కాళ్లు వేలాడేస్తే వెంటనే దింపేయాలి. వేలాడదీసి గంటల తరబడి ఉంచితే ఊపిరాడదు.

నీళ్ల విషయంలో జరిగే అశ్రద్ధ ఇంతా అంతా కాదు. నొప్పుల్లో ఉన్నంతసేపూ పెయ్య నీళ్లు ముట్టదు, ఈనేటప్పుడు ఉమ్మనీరు, రక్తం పోతాయి. ఈనగానే గోరువెచ్చని నీళ్లలో గుప్పెడు ఉప్పు, కాస్త బెల్లం కలిపి పెడితే 20, 30 లీటర్లు తాగేసే పశువులున్నాయి. లేవలేని పెయ్య తొట్టి దాకా వెళ్లలేదు కాబట్టి బకెట్టే దాని మూతి దగ్గరికి రావాలి. పొద్దున పెట్టిన బకెట్టు తల తగిలి ఒలికిపోవడం, సాయంత్రం దాకా ఎవరూ చూడకపోవడం, "నీళ్లు కూడా తాగట్లేదండీ" అని డాక్టరుకు చెప్పడం మామూలే. నిజంగానే తాగకపోతే డాక్టరు ట్యూబు వేసి నేరుగా పొట్టలోకి పోస్తారు.

ఇంట్లో వెదురు గొట్టంతోనో సీసాతోనో తల ఎత్తిపట్టి పోయడం మాత్రం వద్దు. నీరసించిన పశువు సరిగా మింగలేదు, పొలమారుతుంది. నూనైనా, కషాయమైనా, జావైనా ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది, దాన్నుంచి బయటపడేవి తక్కువ. బలానికని అన్నం, జొన్నగంజి, నూకల జావ బకెట్ల కొద్దీ పెట్టడంలోనూ ముప్పుంది. పశువు పెద్దపొట్టలో మేతను ముందుగా అరిగించేవి సూక్ష్మజీవులు. ఒక్కసారిగా అంత పిండిపదార్థం వచ్చి పడితే పొట్ట పులిసిపోతుంది, మేత మానేసి నీళ్లలా పారుతుంది. బెల్లం కూడా ఇంతే. నీళ్లలో పావుకిలో కలిపితే రుచి, రెండు కిలోలు తినిపిస్తే జబ్బు. మొదటి రెండు రోజులు మంచి ఎండుగడ్డి, పచ్చగడ్డి మీదే ఉంచి, దాణాను కొంచెం కొంచెంగా పెంచాలి. నెమరు వేస్తోందంటే పొట్ట దారిలో పడ్డట్టే.

జ్వరం చూడటానికి చెవులు పట్టుకోవడం, కొమ్ము తాకడం చాలామంది చేసే పని. దానివల్ల తెలిసేది తక్కువ. మందుల దుకాణంలో దొరికే థర్మామీటర్‌కు చివర దారం కట్టి, దారాన్ని క్లిప్పుతో తోక వెంట్రుకలకు తగిలించి, మలద్వారంలో పేగు గోడకు ఆనేలా ఒకటి రెండు నిమిషాలు ఉంచితే చాలు. పేడ ముద్ద మధ్యలో గుచ్చితే అంకె తప్పు వస్తుంది. ఆవుకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలే. 103 దాటితే జ్వరం. మన ఎండాకాలంలో మధ్యాహ్నం పూట సంకరజాతి పశువుకు జబ్బేమీ లేకుండానే 103 చూపించవచ్చు, కాబట్టి తెల్లవారుజామున, పొద్దుగూకాక చూసిన అంకెనే నమ్మాలి. ఈనిన రోజు నుంచి పది రోజులపాటు రోజూ రాసిపెట్టుకుంటే, గర్భసంచికి చీము పట్టే జబ్బు ముదరకముందే దొరుకుతుంది. ఆ జబ్బు ఎక్కువగా ఈ పది రోజుల్లోనే వస్తుంది, అందులోనూ చేయి పెట్టి లాగిన ఈతల్లో. ఈనాక గర్భసంచి నుంచి ఎర్రటి గోధుమరంగులో నీళ్లలా కారే మైల, దాని వెంట కుళ్లు వాసన, మేత తగ్గడం, జ్వరం కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. వాసన లేని చిక్కటి మైల రెండు మూడు వారాలపాటు పడటం మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు.

మాయ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనుషుల ఆత్రం ఎక్కువగా కనిపించేది ఇక్కడే. మామూలుగా ఈనిన 12 గంటల్లోపు మాయ పడిపోతుంది. 24 గంటలైనా పడకపోతే నిలిచిపోయినట్టు. కష్టంగా ఈనిన పశువుల్లో ఇది ఎక్కువ. వేలాడే మాయకు రాయో, చెప్పో, చీపురో కట్టడం పాత అలవాటు. బరువుకు మాయ సగంలో తెగిపోతే మిగతాది లోపలే కుళ్లుతుంది, కొన్నిసార్లు ఆ లాగుడుకు గర్భసంచే బయటికి జారుతుంది. చేయి పెట్టి పీకేయడం కూడా మంచిది కాదని పశువైద్యం ఇప్పుడు చెబుతోంది. మాయ గర్భసంచి గోడకు బొత్తాల్లాంటి ముడుల దగ్గర అతుక్కుని ఉంటుంది. పట్టు వదలకముందే పీకితే ఆ చోట్లన్నీ పచ్చిపుండ్లవుతాయి, సూక్ష్మజీవులు రక్తంలోకి పోవడానికి దారి దొరుకుతుంది. జ్వరం లేకుండా, మేత తింటూ ఉంటే నేలకు తగులుతున్న భాగాన్ని మాత్రం కత్తిరించి మిగతాది వదిలేయడమే మేలు. వారం పది రోజుల్లో దానంతటదే పడిపోతుంది. జ్వరం వస్తే డాక్టరు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. వాసన భరించలేక ఇంట్లోవాళ్లు తొందరపెట్టడం, మాట పడలేక వచ్చినవాళ్లు చేయి పెట్టి లాగడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

మాయనూ మైలనూ వట్టి చేతులతో ముట్టుకోకపోవడానికి ఇంకో కారణం బ్రూసెల్లోసిస్. నెలలు నిండకుండా ఈచుకుపోవడం, మాయ నిలిచిపోవడం ఈ జబ్బు లక్షణాలు. ఇది మనుషులకూ అంటుకుంటుంది, నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు పెడుతుంది. చేతులకు తొడుగులు వేసుకోవాలి, పడిన మాయను కుక్కలకు దొరక్కుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు దీనికి టీకా ఒక్కసారి వేస్తారు. జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఇది ఉచితం.

ఈనాక గర్భసంచి మొత్తం బయటికి వచ్చేస్తే మాత్రం వేచి చూడటానికి లేదు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నేలకూ కుక్కలకూ తగలకుండా ఎత్తిపట్టుకుని, వెంటనే డాక్టరును రప్పించాలి. ఎర్రటి రక్తం ధారగా కారుతున్నా అంతే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. డాక్టరుకు చెప్పాల్సిన మొదటి సంగతి ఉమ్మనీటి బుడగ ఎప్పుడు పగిలింది, దూడను ఎంతమంది ఎంతసేపు లాగారు అన్నది. "ఊరికే కొంచెం లాగామండీ" అని దాచిపెడితే నష్టపోయేది పెయ్యే.

నొప్పి గురించి మనవాళ్లు పెద్దగా ఆలోచించరు. నిజానికి నొప్పి తగ్గితేనే పశువు తింటుంది, లేవడానికి ప్రయత్నిస్తుంది. నొప్పినీ, నరం చుట్టూ వాపునూ తగ్గించే మెలాక్సికామ్ లాంటి మందు డాక్టరు చేత మొదటి రోజే వేయించాలి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం మన దేశంలో 2006 నుంచి నిషిద్ధం. ఆ మందు వేసిన పశువు చనిపోయాక దాని కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. మనుషుల కోసం అమ్మే ఇంజెక్షన్‌ను ఇప్పటికీ పశువులకు పొడిచేవాళ్లు లేకపోలేదు. ఈనిన చోట చీలికలుంటే పలుచటి పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, ఈగలు వాలి పురుగులు పడకుండా వేపనూనె లాంటిది చుట్టూ రాస్తే చాలు. లోతైనవైతే డాక్టరు కుట్లు వేస్తారు.

దూడ సంగతి ఆగేది కాదు. తల్లి లేవకపోయినా తొలి రెండు గంటల్లో రెండు లీటర్ల జున్నుపాలు దూడ కడుపులో పడాలి. లాగి తీసిన దూడ నీరసంగా ఉంటుంది, దానంతట అది చన్ను వెతుక్కోలేదు, పాలు పిండి తాగించాలి. జున్ను కోసం ఇరుగుపొరుగు గిన్నెలు పంపినా దూడ వంతు అయ్యాకే. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయాలి. తల్లి పొదుగును నాలుగు చన్నుల దగ్గరా రోజూ చూడాలి, పడుకునే ఉన్న పశువు పొదుగు పేడలో నానుతుంది కాబట్టి పొదుగువాపు ముప్పు ఎక్కువ. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటే అది తొలి ఈతలో వచ్చే నీటివాపు, మెల్లగా తగ్గిపోతుంది. ఎర్రగా, వేడిగా ఉండి పాలలో తునకలు వస్తే జబ్బు. యాంటీబయాటిక్ ఇచ్చిన పశువు పాలను డాక్టరు చెప్పిన రోజులదాకా పాల కేంద్రానికి పోయకూడదు.

వారం గడిచేసరికి దారి తెలిసిపోతుంది. తింటూ, నెమరు వేస్తూ, రోజుకు నాలుగైదుసార్లు లేవడానికి ప్రయత్నించే పెయ్య మీద ఆశ వదులుకోనక్కర్లేదు. అది పది రోజుల తర్వాత లేచి నిలబడినా ఆశ్చర్యం లేదు. మేత మానేసి, పదే పదే పక్కకు పడిపోతూ, పుండ్లు పడి, రెండు వారాలైనా వెనకభాగం కదలనిదాన్ని ఇంకా నెట్టుకురావడం పశువుకు హింస, ఇంటికి ఖర్చు. అక్కడ డాక్టరుతో నిక్కచ్చిగా మాట్లాడుకోవడమే మంచిది. బీమా ఉన్నవారు చెవిపోగు ఊడిపోకుండా చూసుకోవాలి, వైద్యం చేసిన చీటీలు దాచుకోవాలి. పశువు చనిపోతే పూడ్చకముందే బీమావారికి చెప్పి డాక్టరు ధ్రువపత్రం తీసుకోవాలి, ఆ తర్వాత చెబితే పరిహారం దొరకడం కష్టం.

లేచిన పెయ్యను మళ్లీ ఎదకు వచ్చిన వెంటనే కట్టించాలన్న తొందర వద్దు. గర్భసంచి మామూలు స్థితికి రావడానికే 40, 45 రోజులు పడుతుంది. కష్ట ఈత తర్వాత ఇంకాస్త ఎక్కువ. 60 రోజులు దాటాక, డాక్టరు చేత చూపించాకే సూది, అంటే కట్టు కోసం వీర్యం, వేయించాలి. అసలు కారణం చాలాసార్లు అంతకు ముందు సూదిలోనే ఉంటుంది. ఎదకు వచ్చింది కదా అని ఎదగని పెయ్యకు వేయించడం, చిన్న జెర్సీ సంకరానికి పాలు పెరుగుతాయని భారీ హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) వీర్యం వేయించడం. పెద్దయ్యాక తూగే బరువులో 60, 65 శాతం వచ్చేదాకా, అంటే సంకరజాతి పెయ్యలకు 250 కిలోలు అటూ ఇటూగా వచ్చేదాకా ఆగాలి. ఒంగోలు లాంటి దేశవాళీ ఆవులు, తమ జాతి ఆబోతుకే కట్టినప్పుడు, ఇలా చిక్కుకోవడం తక్కువ. గేదె పడ్డల్లో కష్ట ఈతకు పెద్ద కారణం దూడ సైజు కంటే గర్భసంచి మెలిపడటం, దాని సంగతి వేరే. ఆడదూడలు పుట్టేలా వేరుచేసిన వీర్యం ఇప్పుడు రాయితీ మీద దొరుకుతోంది. ఆడదూడ మగదూడ కంటే కాస్త తేలిక కాబట్టి తొలిచూలు పెయ్యలకు అది కొంత కలిసొస్తుంది. సూది వేసేవారి దగ్గర ఉండే వీర్యం నాళిక మీద ఆబోతు నంబరు ముద్రించి ఉంటుంది. పెయ్య ఈనడానికి ఇంత కష్టపడితే ఆ నంబరు రాసిపెట్టుకుని, ఇంట్లో ఉన్న మిగతా పెయ్యలకు ఆ ఆబోతు వీర్యం వద్దని చెప్పాలి.